చేతులకు పనుంది, చెవులు ఖాళీ



నా మాట మీ చెవిన పడుతున్న ఈ క్షణంలో మీ చేతులు ఏం చేస్తున్నాయో ఒక్కసారి చూసుకోండి. ఒకరి ఒళ్లో బీడీల చాట ఉంటుంది. ఒకరు చిక్కుడుకాయ ఈనెలు తీస్తుంటారు. ఇంకొకరు ట్రాక్టర్ నడుపుతూ వింటుంటారు. రేడియో గొప్పతనం అదే. అది చేతులను అడగదు, కళ్లను అడగదు. చెవి ఒక్కటి అప్పిస్తే చాలంటుంది. పుస్తకం అలా కాదు. కూర్చోమంటుంది, చేత్తో పట్టుకోమంటుంది, చూపు పక్కకు తిప్పొద్దంటుంది. మన నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ లాంటి ఊళ్లో అంత తీరిక ఎవరికుంది?

ఈ ప్రశ్న పట్టుకునే ఇవాళ గ్రంథాలయం గురించి నాలుగు మాటలు చెబుతాను. అందులో ఎన్ని పుస్తకాలున్నాయన్నది కాదు నా ప్రసంగం. గ్రంథాలయం గడప దాటి బయటికొచ్చి ఏం చేయగలదన్నది.

ముందు ఊరి సంగతి చూద్దాం. ఆర్మూర్ అంటే సిద్దులగుట్ట, ఎర్రజొన్న, అన్నిటికంటే ముందు పసుపు. జూన్‌లో తొలకరి పడగానే విత్తనం కొమ్ము నేలలో పెడతారు, మధ్యలో మక్క వేస్తారు. మక్క ఇంటికొచ్చినా పసుపు చేనులోనే ఉంటుంది. ఎనిమిది, తొమ్మిది నెలల పంట అది. సంక్రాంతి దాటాక ఆకు కోసి దుంప తవ్వడం మొదలవుతుంది. తవ్విన పసుపు వెంటనే సరుకు కాదు. బాయిలర్‌లో ఉడకాలి. పుల్ల గుచ్చితే మెత్తగా దిగాలి. కల్లంలో పది, పదిహేను రోజులు ఎండాలి. విరిస్తే టక్కుమనాలి. ఆ తర్వాత డ్రమ్ములో పాలిష్, ఆపైన బస్తాలు, ఆపైన నిజామాబాద్ మార్కెట్ యార్డు దారి. ఈ పనులన్నీ చేతుల మీద నడిచేవే. పసుపు పని లేని ఇంట్లో బీడీల పని ఉంటుంది. మగవాళ్లలో చాలామంది చేతులు దుబాయిలోనో, మస్కట్‌లోనో పనిలో ఉంటాయి.

ఇక గ్రంథాలయం. మన శాఖా గ్రంథాలయాల్లో ఏ పొద్దున అడుగుపెట్టినా కనబడే దృశ్యం ఒకటుంది. ఒక్క దినపత్రికను నలుగురు పంచుకుంటారు. మొదటి పేజీ ఒకరి దగ్గర, జిల్లా పేజీ ఒకరి దగ్గర, ఆటల పేజీ ఒక కుర్రాడి దగ్గర. నాలుగో ఆయన ఎవరు ముందు చదివి ఇస్తారా అని చూస్తుంటాడు. లోపలి గదిలో గ్రూప్స్‌కో, కానిస్టేబుల్ ఉద్యోగానికో, డీఎస్సీకో చదివే పిల్లలు సొంత పుస్తకాలు తెచ్చుకుని సాయంత్రం దాకా కూర్చుంటారు. వాళ్లకు కావలసింది కుర్చీ, ఫ్యాను, నిశ్శబ్దం. అది తప్పు కాదు, ఎన్నో ఇళ్లలో దొరకని మూడు వస్తువులవి. కానీ ఊరంటే వాళ్లే కాదు కదా. పసుపు ఎండబోసుకున్న రైతు, బీడీలు చుట్టే తల్లి ఆ గడప ఎక్కడం లేదు. గోడ మీద నిశ్శబ్దం పాటించమని రాసిన పలకను చూసి, ఇది మన జాగ కాదనుకుని బయట నుంచే పోతున్నారు.

ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్, ముగ్గుల పోటీ, పుస్తక ప్రదర్శన, చివరి రోజు బహుమతులు. ఈ వారం వెనుక మన తెలుగువాడి చెయ్యి ఉంది. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నిలబెట్టిన అయ్యంకి వెంకటరమణయ్యగారే, 1919 నవంబర్ 14న మద్రాసులో అఖిల భారత స్థాయి గ్రంథాలయ మహాసభ జరగడానికి ముఖ్య కారకులు. ఆ తేదీ జ్ఞాపకంగానే ఈ వారం. బాగుంది. కానీ మన జిల్లాలో నవంబర్ మధ్యలో రైతు ఎక్కడుంటాడు? వడ్ల కుప్ప దగ్గర ఉంటాడు. టార్పాలిన్ కప్పుతూ, తేమ చూపించుకుంటూ, తూకం కోసం ఎదురుచూస్తూ ఉంటాడు. అందుకే వారోత్సవాలకు బడిపిల్లలు వస్తారు, వాళ్ల మాస్టర్లు వస్తారు, బహుమతులిచ్చే పెద్దలు వస్తారు. ఊరు రాదు. తప్పు ఊరిది కాదు. క్యాలెండర్ ఊరిది కాకపోవడమే కారణం.

ఆర్మూర్ క్యాలెండర్ పట్టుకుని గ్రంథాలయం నడిస్తే ఎలా ఉంటుంది? నాకు తోచినవి చెబుతాను.

మొదట ప్రదర్శన మాట. ప్రదర్శన అంటే కొత్త పుస్తకాల అట్టలు బల్ల మీద వరసగా పేర్చడమే కానక్కర్లేదు. పసుపు ఊరికి పసుపు కథనే చూపించవచ్చు. 1995 మార్చిలో అమెరికా పేటెంట్ కార్యాలయం ఒక పేటెంటు ఇచ్చింది. దేనికి? గాయాలు మాన్పడానికి పసుపు వాడే పద్ధతికి! మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలోని ఇద్దరు పరిశోధకులు అది తమ ఆవిష్కరణ అన్నారు. కొడవలితో చెయ్యి తెగితే పసుపు అద్దుకునే మన అవ్వలు ఈ మాట వింటే నవ్వుతారు. కానీ పేటెంట్ కార్యాలయంలో నవ్వు చెల్లదు. అందరికీ తెలుసు అన్న మాటా చెల్లదు. అచ్చులో ఉందా, ఏ పుస్తకంలో, ఏ ఏట? అడిగేది అదే. అప్పుడు మాషేల్కర్‌గారు సారథిగా ఉన్న మన శాస్త్ర పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్ పుస్తకాల బీరువాలు వెతికింది. సంస్కృతం, హిందీ, ఉర్దూ సహా పాత గ్రంథాలు, పత్రికలు తిరగేసి 32 ఆధారాలు తీసింది. వాటిలో 1953 నాటి భారత వైద్య సంఘం పత్రికలో అచ్చయిన వ్యాసం కూడా ఉంది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. ఈ అనుభవం తర్వాతే మన సంప్రదాయ వైద్య విజ్ఞానాన్నంతా కంప్యూటర్లలో భద్రపరిచే డిజిటల్ గ్రంథాలయం 2001లో మొదలైంది.

ఆలోచించండి. పసుపును పండించింది రైతు, వాడింది ఇల్లాలు. దాన్ని కాపాడింది మాత్రం ఎక్కడో దుమ్ము పట్టి, ఎవరూ తెరవక పడి ఉన్న పాత పుస్తకాలు. ఈ ఒక్క కథను పెద్ద అక్షరాల్లో నాలుగు అట్టల మీద రాసి, పక్కన రకరకాల పసుపు కొమ్ములు పళ్లేల్లో పోసి పెట్టండి. ఆర్మూర్ రకం, ఎర్రగుంటూరు, దుగ్గిరాల, సేలం ఉంటాయి. కోళికోడ్‌లోని సుగంధ ద్రవ్యాల పరిశోధనా సంస్థ ఇచ్చిన ప్రగతి రకం ఉంటుంది. అది ఆరు నెలలకే చేతికొచ్చేది. కమ్మర్‌పల్లిలో మనకు పసుపు పరిశోధనా స్థానమే ఉంది, అడిగితే నమూనాలు, మాట సాయం దొరక్కపోవు. ఇంకో గోడకు పత్రికల కత్తిరింపులు అంటించండి. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు బోర్డు కోసం, గిట్టుబాటు ధర కోసం 170 మందికి పైగా రైతులు నిజామాబాద్‌లో నామినేషన్లు వేశారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 ఓటు యంత్రాలు వరసగా పెట్టాల్సి వచ్చింది. 2025 జనవరి 14న, సంక్రాంతి రోజు, నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. ఈ రెండు తేదీల మధ్య నడిచిన చరిత్ర మన పత్రికల్లోనే ఉంది. వాటిని కిలోల లెక్కన అమ్మేయకముందే కత్తిరించి దాచాల్సింది ఎవరు? గ్రంథాలయమే. ఈ ప్రదర్శన గ్రంథాలయం లోపల పెడితే ఎవరు చూస్తారు? పసుపు రోజుల్లో రైతులు ఎక్కడ గంటల కొద్దీ ఎదురుచూస్తారో అక్కడే పెట్టాలి, మార్కెట్ షెడ్డులో, రైతు వేదికలో.

రెండోది కార్యశాల. పేరు పెద్దదిగా ఉంది కానీ పని చిన్నదే. పసుపు అమ్ముకున్న రైతు చేతికి మార్కెట్‌లో ఒక చీటీ వస్తుంది. మనవాళ్లు తక్‌పట్టీ అంటారు. అరచేతి వెడల్పు కాగితం. ఆరుగాలం కష్టం అందులో పది గీతల్లో ఉంటుంది. రైతు పేరు, సరుకు కొమ్మా, గుండ్రటి గోళా, బస్తాలెన్ని, తూకమెంత, క్వింటాల్ ధరెంత, హమాలీ ఎంత, తూకం వేసిన దడ్వాయికి ఎంత, ఇతర కోతలెంత, చివరికి చేతికొచ్చేదెంత. చాలామంది చివరి అంకె చూసి మడిచి జేబులో పెట్టుకుంటారు. ఒక ఆదివారం పొద్దున రెండు గంటలు చాలు. ఎవరి చీటీ వాళ్లు తెచ్చుకోండి అని గ్రంథాలయం పిలవాలి. లెక్కలు వచ్చిన డిగ్రీ పిల్లవాడొకడు బోర్డు దగ్గర నిలబడాలి. మచ్చుకు, తూకం 4 క్వింటాళ్ల 35 కిలోలు, ధర 12,000 అనుకుందాం. మొత్తం 52,200 రూపాయలు. ఇప్పుడు కింద కోతలన్నీ ఒక్కొక్కటిగా చదవండి. ఏది దేనికి? ఏది రైతు కట్టాలి, ఏది కొన్నవారు కట్టాలి? ఈ రెండు గంటలు అయ్యాక ఆ రైతు మళ్లీ చివరి అంకె ఒక్కటే చూసి ఊరుకుంటాడా?

2016లో ఈ-నామ్ అనే జాతీయ ఆన్‌లైన్ మార్కెట్ వచ్చినప్పుడు తొలి విడతలోనే నిజామాబాద్ మార్కెట్ అందులో చేరింది. అందులోని ధర ఫోన్‌లో చూసుకోవడం ఎలాగో ఇదే తీరుగా ఇంకో ఆదివారం నేర్పవచ్చు. గల్ఫ్‌కు పోయే అబ్బాయి ఏజెంట్ చేతిలో డబ్బు పెట్టకముందే వీసా కాగితం, ఒప్పంద పత్రం పట్టుకుని గ్రంథాలయానికి రావాలి. ఆ ఏజెంటుకు సర్కారు రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. గ్రంథాలయం కంప్యూటర్‌లో ఐదు నిమిషాల పని అది. చదవడమంటే నవలే కాదు. సంతకం పెట్టే ముందు కాగితం చదవడం కూడా చదువే. ఆ చదువు రానందుకు మన జిల్లాలో ఎన్ని ఇళ్లు అప్పుల పాలయ్యాయో మీకు వేరే చెప్పాలా?

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. గట్టిగా చదివి వినిపించడం.

నేను చూసిన ఒక మధ్యాహ్నం గురించి చెబుతాను. ఒక ఇంటి వాకిట్లో ఐదారుగురు ఆడవాళ్లు బీడీలు చుడుతున్నారు. తడిగుడ్డలో చుట్టి పెట్టిన తునికాకు, రేకు ముక్క పెట్టి కత్తెరతో ఆకు కత్తిరించడం, చిటికెడు తంబాకు, ఒక చుట్టు, కొన మడత, దారం ముడి. చూపు ఆకు మీద కూడా లేదు, వేళ్లకు అన్నీ కంఠస్థం. పక్కన గడప మీద ఏడో తరగతి పిల్ల తెలుగు వాచకం గట్టిగా చదువుకుంటోంది. కథ సగంలో ఉండగా స్నేహితురాలు పిలిచిందని పుస్తకం మూసి లేచింది. చాట ముందున్న అవ్వ అందుకుంది. "ఏందే, ఆపినవ్? ఆ పిలగానికి తర్వాత ఏమైందట? సదివి పో." ఆ పిల్ల నిలబడే మిగతా రెండు పేజీలు చదివింది. అంతసేపూ ఆ వాకిట్లో కత్తెర చప్పుడు తప్ప ఇంకో మాట లేదు. చేతులు ఆగలేదు, వెయ్యి బీడీల లెక్క తగ్గలేదు. అక్షరం రాని అవ్వ ఆ రోజు ఒక కథ చదివేసింది, చెవితో.

ఇలాంటి వాకిలి ప్రపంచంలో ఇంకోచోట ఒక వ్యవస్థగా మారింది. క్యూబా దేశంలో, హవానా నగరంలో, ఎల్ ఫిగరో అనే చుట్టల ఫ్యాక్టరీలో 1865లో కార్మికులు ఒక ఏర్పాటు చేసుకున్నారు. తమలో ఒకరు ఎత్తయిన పీట మీద కూర్చుని చదవాలి, మిగతావారు చుట్టలు చుడుతూ వినాలి. అతని కూలి నష్టం అందరూ కలిసి పూడ్చాలి. ఆ పద్ధతి ఫ్యాక్టరీ నుంచి ఫ్యాక్టరీకి పాకింది. పొద్దున వార్తాపత్రిక, తర్వాత నవల. ఏ నవల చదవాలో కార్మికులే తేల్చేవారు. నచ్చితే చప్పట్లు కొట్టలేరు కదా, చేతుల్లో ఆకులున్నాయి. ఆకు కోసే కత్తులతో బల్ల మీద టకటకా కొట్టేవారు. మరుసటి ఏడే, 1866లో, అప్పటి స్పెయిన్ పాలకులు దాన్ని నిషేధించారు. విన్నవాడు ఊరుకోడు, ప్రశ్నిస్తాడు. ఆ భయం వాళ్లది. నిషేధం నిలవలేదు, చదువు నిలిచింది. మాంటెక్రిస్టో అనే పేరున్న చుట్టల పుట్టుక కూడా అక్కడిదే. కార్మికులు విని విని మెచ్చుకున్న ఫ్రెంచి నవల పేరది. పొగాకు చేసే చేటు వేరే సంగతి, దాన్ని నేను సమర్థించడం లేదు. ఆ ఆకు చుట్టే చేతుల పక్కన చెవులున్నాయని గుర్తించినవాళ్ల తెలివిని మెచ్చుకుంటున్నాను. ఆకు చుట్టే చేతులు మనకూ ఉన్నాయి. చదివేవారే కావాలి.

ఇది మనకు కొత్త సంగతీ కాదు, పరాయి సంగతీ కాదు. పుస్తకం మనిషి దగ్గరికి నడవాలన్నది తెలుగు గ్రంథాలయోద్యమం మొదటి పాఠం. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువ మీద, కొల్లూరు, పెదవడ్లపూడి ఊళ్ల మధ్య, పడవలో గ్రంథాలయం నడిపారు. మన తెలంగాణలో అప్పుడు నిజాం పాలన. ఆ పాలనలోనే 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది. భాషా నిలయం అని పేరు, లోపల జరిగింది మాత్రం మనుషులు ఒకచోట కూర్చుని పత్రిక చదివి, చదవలేనివారికి వినిపించి, దాని మీద మాట్లాడుకోవడం.

వట్టికోట ఆళ్వారుస్వామిగారి పేరు మీరు వినే ఉంటారు. వంటవాడిగా, హోటల్లో సర్వర్‌గా, పత్రికలో ప్రూఫ్ రీడర్‌గా పనిచేసిన మనిషి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చు వేసిన పుస్తకాలు తానే మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. ఆయనను, దాశరథి కృష్ణమాచార్యగారిని నిజాం సర్కారు ఒకే జైల్లో పెట్టింది. ఏ జైలు? మన నిజామాబాద్ ఖిల్లా జైలే. ఆర్మూర్ నుంచి బస్సెక్కితే ముప్పావుగంట దారి. కాగితం లేదు, కలం లేదు, దాశరథిగారు బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశారు. తర్వాత తన అగ్నిధార కావ్యాన్ని ఆళ్వారుస్వామిగారికే అంకితమిచ్చారు. ఆళ్వారుస్వామిగారు తోటి ఖైదీల బతుకుల్ని జైలు లోపల అనే పేరుతో కథలుగా రాశారు. గోడే పుస్తకమైన జిల్లా మనది. ఇవాళ ఇన్ని గోడలున్నాయి, ఇన్ని పుస్తకాలున్నాయి, మధ్యలో మోసుకెళ్లే భుజం ఒక్కటే తక్కువైంది.

అయితే ఆ భుజం ఎవరిది? ఇప్పటికే చాలీచాలని సిబ్బందితో నడిచే గ్రంథపాలకుడి మీదే అంతా మోపితే అన్యాయం. అతను చేయాల్సింది తలుపు తెరవడం, పుస్తకం ఎంచి ఇవ్వడం. చదివే గొంతులు ఊళ్లోనే ఉన్నాయి. లోపలి గదిలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలున్నారు కదా, వారానికి ఒక్క గంట వాళ్లను అడగండి. గట్టిగా చదివితే వాళ్లకూ ఉచ్చారణ బాగుపడుతుంది, నలుగురి ముందు బెరుకు పోతుంది. ఇంటర్వ్యూకు అదే పనికొస్తుంది. రిటైరైన పంతుళ్లున్నారు, నలభై ఏళ్లు పాఠం చెప్పిన గొంతులు ఇవాళ ఇంట్లో ఊరికే కూర్చున్నాయి. మహిళా సంఘాల సమావేశాలు ఎలాగూ జరుగుతాయి, పొదుపు లెక్క అయ్యాక పావుగంట ఒక కథ. బీడీల వాకిళ్లలో మధ్యాహ్నం రెండు గంటలకు ఒక కథ. పసుపు కల్లాల దగ్గర కాపలా పడుకునే రాత్రుల్లో ఒక కథ.

ఏం చదవాలి అంటే, చెవికి ఇంపైనవి ఎంచుకోండి. యశోదారెడ్డిగారి మా ఊరి ముచ్చట్లు కథల్లో మన అవ్వలు మాట్లాడే మాటే ఉంటుంది, చదివినట్టు ఉండదు, ముచ్చట పెట్టినట్టే ఉంటుంది. ఆళ్వారుస్వామిగారి ప్రజల మనిషి నవల ఉంది, రోజుకు పది పేజీల చొప్పున. తిండి, బట్ట, ఆట, పాట ఎట్లా మారుతూ వచ్చాయో చెప్పే సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఉంది. చదివిన తర్వాత ఒక్క నిమిషం ఆగండి. వినేవాళ్లు తప్పకుండా ఏదో అంటారు. మా అత్తగారింట్ల గిట్లనే అయ్యేదని ఒకామె అంటుంది. ఆ మాటను ఒక నోటు పుస్తకంలో రాసుకోండి, ఊరి పేరు, తేదీ వేసి. పదేళ్లు గడిస్తే ఆర్మూర్ గ్రంథాలయంలో ఆర్మూరే రాసుకున్న ఒక పుస్తకం ఉంటుంది. పసుపు పేటెంటు అప్పుడు అడిగిన ప్రశ్న గుర్తుంది కదా: అచ్చులో ఉందా? మన అవ్వలకు తెలిసినవి చాలా ఇంకా అచ్చులో లేవు.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఇదంతా ఎవరో దాతలు చేయాల్సిన ధర్మకార్యం అనుకోకండి. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం నడిచే వ్యవస్థ ఇది. మీ ఇంటి పన్ను డిమాండ్ నోటీసు ఒకటి ఏ డబ్బాలోనో, దేవుడి పటం వెనకో ఉంటుంది, తీసి చూడండి. అందులో గ్రంథాలయ సెస్సు అని ఒక గీత ఉంటుంది. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. పుస్తకం ముట్టినా, ముట్టకపోయినా, అక్షరం వచ్చినా, రాకపోయినా అది మీరు కడుతూనే ఉన్నారు. అంటే గ్రంథాలయం గడప ముందు మీరు మొహమాటపడి నిలబడాల్సిన పని లేదు. పైకం ముందే ఇచ్చేశారు, సరుకు ఇంకా ఇంటికి రాలేదు, అంతే. ఈ ఆదివారం వెళ్లి అడగండి. చదవడం రాకపోతే, మాకు చదివి వినిపించే ఏర్పాటు ఎప్పుడు చేస్తారని అడగండి.